నాలుగో బండి లైన్లో ఉంది

కొండ దారుల్లో జీపు నడపడమంటే కోడలికి ప్రాణం. ఆమె రోడ్లు వేసే కంపెనీలో సర్వేయరు. వారమంతా మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని గుట్టలెక్కి దిగడమే పని. అయినా ఆదివారం వచ్చిందంటే మళ్ళీ ఆ గుట్టల వైపే చూసేది. కంపెనీ వాళ్ళు పాత జీపును వదిలించుకుంటుంటే తనే తెచ్చుకుంది. దాన్ని విప్పి, బిగించి, రంగు వేసి, కూరుకుపోయిన బండ్లను లాగడానికి ముందు బంపరుకు ఉక్కుతాడు చుట్టుకునే వించ్ పెట్టించి, ఆరు నెలల్లో ఆ జీపును మనిషిని చేసింది.

ఊళ్ళో ఇలాంటి పిచ్చితో తిరిగే బండ్లు ఇంకో నాలుగున్నాయి. నెలకో ఆదివారం ఐదు బండ్లూ వరసగా కొండల్లోకి వెళ్ళేవి. డ్రైవింగ్ స్కూలు నడిపే పెద్దాయన అందరికంటే ముందు వెళ్ళేవాడు. ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆయన కాదనలేదు. రెండో బండి ఫోటోగ్రాఫరుది, మూడోది బేకరీ అన్నదమ్ములది, నాలుగోది పళ్ళ డాక్టరుది. ఐదోది కోడలి జీపు. వించ్ ఉన్న బండి అదొక్కటే కాబట్టి చివర ఉండే పని దానికి అప్పగించారు. చివరి బండి బాధ్యత ఏమిటంటే, ముందున్న వాళ్ళెవరూ వెనకబడిపోకుండా, దారి తప్పకుండా కనిపెట్టుకుని ఉండడం.

ఆ ఏడు కెప్టెన్ ఒక కొత్త నియమం పెట్టాడు. కొండల్లో సెల్‌ఫోన్లు ఎలాగూ పనిచెయ్యవు కాబట్టి ప్రతి బండిలోనూ వైర్‌లెస్ సెట్టు ఉండాలన్నాడు. అనుమతి కాగితాలు తనే తెచ్చాడు. దానితో పాటు ఇంకో మాట కూడా అన్నాడు: రాళ్ళ మీద బండి నడిపేవాడి చెయ్యి స్టీరింగు వదలకూడదు, అందుకని మైకు పట్టుకోవడానికి పక్క సీట్లో ఒక మనిషి ఉండి తీరాలి.

కోడలికి చిక్కు అక్కడే వచ్చింది. భర్తది మందుల షాపు. ప్రయాణంలో వాంతులు కాకుండా ఊళ్ళో సగం మందికి మాత్రలిచ్చేది ఆయనే. తను మాత్రం మూడో మలుపు దాటితే కిటికీలోంచి తల బయట పెట్టాల్సిందే. ఏ మాత్రా ఆయన మీద పనిచెయ్యలేదు. ఆఫీసులో వాళ్ళని అడిగితే ఆదివారం కూడా నీ మొహమేనా అని నవ్వేశారు.

సెట్టు బిగించిన రోజున భర్త టార్చి పట్టుకుంటే, కోడలు సీటు కింద పడుకుని తీగలు కలిపింది. ఏరియల్ టాపు నడిమధ్యలో నిలబెట్టింది. స్విచ్చి వెయ్యగానే సెట్టు నుంచి సన్నగా హోరు వచ్చింది. మెట్ల మీద దుప్పటి ఆరేస్తున్న అత్తగారు ఆ హోరు విని, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ జీపు దగ్గరికి వచ్చింది.

అత్తగారికి అరవై ఆరేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్ళు ఆపరేటరుగా పనిచేసింది. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో తీగలు గుచ్చుతూ, ఎక్కడెక్కడి వాళ్ళనో కలిపిన మనిషి. మనుషుల అవసరం లేని యంత్రాలు వచ్చాక ఎక్స్ఛేంజి మూసేశారు. మామగారు పోయాక ఆరేళ్ళుగా కొడుకు దగ్గరే ఉంటోంది. అత్తాకోడళ్ళ మధ్య గొడవలు లేవు, మాటలూ లేవు. ఆవిడ మితభాషి అని కోడలు, కోడలికి పని ఒత్తిడి అని ఆవిడ, ఎవరికి వారు సర్దుకుని, మర్యాదగా ఒకరి దారికి ఒకరు అడ్డు రాకుండా ఉన్నారు. ఆ ఎక్స్ఛేంజిలో ఏం చేసేవారు అని కోడలు ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

"ఒక లైను మీద ఎందరు మాట్లాడతారు?" అని అడిగింది అత్తగారు.

ఐదుగురం అని కోడలు సీటు కింద నుంచే చెప్పింది. ఒకేసారి ఇద్దరు నొక్కితే ఏమవుతుందని ఆవిడ మళ్ళీ అడిగింది. ఎవరి మాటా వినపడదని చెప్పింది కోడలు. ఆవిడ కాసేపు ఆ హోరు వింటూ నిలబడింది. తర్వాత, కూరగాయలు తేవడానికి తను వెళ్తానన్నంత మామూలుగా, పక్క సీట్లో తను కూర్చుంటానంది. భర్త టార్చి ఆర్పేసి అమ్మ మొహంలోకి చూశాడు. నడుము పట్టేస్తుందేమో అన్నాడు. ఎక్స్ఛేంజి కుర్చీ కంటే నయంగానే ఉందిలే అని ఆవిడ సీటు మీద చేత్తో తట్టి చూసింది.

మొదటి ప్రయాణంలోనే అత్తగారికి మతి పోయింది. దారికి కాదు, మాటలకు. బేకరీ అన్నదమ్ములు మైకులో పాటలు పాడేవారు. ఫోటోగ్రాఫరు మబ్బుల అందం వర్ణించేవాడు. పళ్ళ డాక్టరు ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకునేవాడు, అదీ మైకు నొక్కి మరీ. మధ్యాహ్నం తిండి ఎవరి బండిలో ఉందన్న చర్చ అరగంట నడిచింది. ఈలోగా కెప్టెన్ ముందు రాయి ఉంది జాగ్రత్త అన్నది ఎవరికీ వినపడనే లేదు, ఫోటోగ్రాఫరు బండి దాని మీదకు ఎక్కి దిగింది. అత్తగారు మాత్రం తన వంతు వచ్చినప్పుడు, "ఐదో బండి. వాగు దాటాం," అని బొత్తాం వదిలేసేది. రోజంతా కలిపి ఆవిడ ఇరవై మాటలు మాట్లాడి ఉండదు. తిరిగి వచ్చాక కెప్టెన్ కోడల్ని పక్కకు పిలిచి, మీ అత్తగారికి మా మీద కోపం ఏమైనా వచ్చిందా అని గుట్టుగా అడిగాడు.

ఇంటికి వచ్చే దారిలో కోడలు ఆ సంగతి చెబితే ఆవిడ నవ్వింది. కోపం కాదు అలవాటు అంది. తన రోజుల్లో ఒక్క నిమిషం లైను అనవసరంగా పట్టుకుంటే అవతల పురుడు కోసం డాక్టరుకు చేసేవాడు ఆగిపోయేవాడు అని చెప్పింది. ఆ మాటలో విసుగు లేదు. కోడలు ఆశ్చర్యంగా ఒకసారి పక్కకు తిరిగి చూసి, మళ్ళీ దారి మీద దృష్టి పెట్టింది.

రెండో ప్రయాణం నాడు పొద్దుటి నుంచి జల్లు. కొండ మీదకి వెళ్ళేసరికి పదకొండయింది, పొగమంచు కమ్మేసింది. ముందున్న బండి వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. కెప్టెన్ అందర్నీ నెమ్మదిగా రమ్మన్నాడు. కూలిపోయిన పాత రాతి వంతెన పక్కనుంచి వాగు దాటి, కాస్త పైకి వెళ్ళాక దారి రెండుగా చీలుతుందని, అక్కడ కుడివైపు రావాలని రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పుడు బేకరీ చిన్నవాడు అడ్డొచ్చి రొట్టెల పెట్టె తడుస్తోందన్నాడు.

వాగు దాటగానే కోడలి జీపు వైపరు ఒకటి ఊడి వేలాడింది. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనిపించక ఆమె బండి ఆపింది. దిగబోతుంటే అత్తగారు మైకు చేతిలోకి తీసుకుంది.

"ఆగామని చెప్పనా అమ్మాయ్?"

"వద్దత్తయ్యా, ఒక్క నిమిషం పనే," అంది కోడలు.

ఒక్క నిమిషం నాలుగు నిమిషాలయింది. వైపరు బిగించి ఎక్కేసరికి ముందు దీపాలు లేవు. అందరూ కుడివైపే కదా వెళ్తారు అనుకుని, చీలిక దగ్గర తనూ కుడివైపు తిప్పి వేగం కాస్త పెంచింది. పది నిమిషాలకు ముందు ఎర్ర దీపాలు కనిపించి ఊపిరి పీల్చుకుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది పళ్ళ డాక్టరు బండి కాదు. దాని వెనక అద్దం మీద బేకరీ గుర్తు ఉంది.

కోడలు బండి ఆపింది. అత్తగారు అప్పటికే మైకు నొక్కి, ఐదో బండి ముందు మూడో బండి ఉంది, నాలుగో బండి లేదు అని చెప్పింది. కెప్టెన్ అన్ని బండ్లనూ ఆపించాడు. నాలుగో బండీ, నాలుగో బండీ అని పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడో దూరంగా హారను మోగినట్టు వినిపించింది గాని, ఆ పొగమంచులో అది కిందనుంచా, పైనుంచా, ఏ పక్కనుంచి వస్తోందో తెలియలేదు. కాసేపటికి అదీ ఆగిపోయింది. పళ్ళ డాక్టరు ఒక్కడే కాదు, ఆయన భార్య కూడా ఆ బండిలో ఉంది.

అప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. వాగులో పడ్డారేమో అని ఒకరు, టైరు పోయిందేమో అని ఒకరు, వెనక్కి వెళ్దామని ఒకరు, ఉన్నచోటే ఉందామని ఒకరు. మధ్యమధ్యలో సెట్టులో మాటలేవీ లేకుండా ఉత్త నిశ్శబ్దం వస్తోంది. ఎవరైనా మైకు నొక్కితే మిగతా సెట్లలో చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ నిశ్శబ్దంలో కూడా ఆ దీపం వెలిగి ఆరుతోంది. ఎవరో మైకు మీద కూర్చున్నారు, బొత్తాం ఇరుక్కుంది, చూసుకోండి అని కెప్టెన్ విసుక్కున్నాడు. ఫోటోగ్రాఫరు తన మైకు చూసుకున్నానన్నాడు. బేకరీ వాళ్ళు తమదీ బాగానే ఉందన్నారు.

అత్తగారు ఆ దీపం వైపే చూస్తోంది. కళ్ళు చిన్నవి చేసుకుని, తల కాస్త ఎడమకు వంచి, అచ్చం హెడ్‌సెట్టు ఉన్నప్పటిలాగే వింటోంది. కెప్టెన్ నాలుగో బండీ అని పిలిచిన ప్రతిసారీ, ఆయన బొత్తాం వదిలిన వెంటనే ఆ దీపం వెలుగుతోంది. పిలవనప్పుడు వెలగడం లేదు.

ఆవిడ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. గొంతు మారిపోయింది. ఇంట్లో కోడలు ఆరేళ్ళుగా విన్న గొంతు కాదది. నింపాదిగా, ఒక్కో మాటా విడివిడిగా, ఎవరూ కాదనలేనంత ఖచ్చితంగా ఉంది.

"ఐదో బండి మాట్లాడుతోంది. అందరూ మైకులు కింద పెట్టండి. నేను అడిగేదాకా ఎవరూ నొక్కద్దు. కెప్టెన్ గారూ, మీరు కూడా."

సెట్టు మూగబోయింది. కెప్టెన్ని డ్రైవింగ్ స్కూల్లో ఇరవై ఏళ్ళుగా నోరు ముయ్యమన్నవాళ్ళు లేరు. అయినా ఆయన కిక్కురుమనలేదు.

"నాలుగో బండీ. నా మాట వినిపిస్తుంటే మైకు ఒక్కసారి నొక్కి వదలండి."

దీపం ఒక్కసారి వెలిగి ఆరింది.

కోడలు ఆ దీపం వైపు వంగింది. అత్తగారు మాత్రం అదేమీ వింత కాదన్నట్టు ముందుకు సాగింది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు, తెలియదంటే మూడుసార్లు నొక్కమని చెప్పింది. దెబ్బలు తగిలాయా అని అడిగింది. రెండుసార్లు. మీ ఆవిడకి? రెండుసార్లు. రాతి వంతెన దాటారా? ఒకసారి. చీలిక దగ్గర కుడివైపు తిరిగారా? కొంచెం ఆగి, రెండుసార్లు.

"అయితే ఎడమవైపు వెళ్ళారు. అక్కడినుంచి ఎన్ని మలుపులు తిరిగారో అన్నిసార్లు నొక్కండి. తొందరేం లేదు, లెక్క చూసుకుని నొక్కండి."

దీపం మూడుసార్లు వెలిగింది. అది తెలియదనా, మూడు మలుపులనా అన్న అనుమానం కోడలికి వచ్చింది. అత్తగారికీ వచ్చినట్టుంది, మూడు మలుపులేనా అని మళ్ళీ అడిగి, ఒక్క నొక్కుతో రూఢి చేసుకుంది. బండి పక్కకు ఒరిగిందా? అవును. దిగగలరా? కాదు. మీ కాలు బ్రేకు మీద ఉందా? దీపం వెలిగి చాలాసేపు ఆరలేదు. ఆవిడ అడిగిన తీరుకు అవతల ఆయన ప్రాణం లేచి వచ్చినట్టుంది.

సంగతి అర్థమైంది. కాలు తీస్తే బండి వెనక్కి జారుతుంది. అందుకే దిగలేకపోతున్నారు. మైకులోకి మాట పోవడం లేదు గాని బొత్తాం పనిచేస్తోంది. కెప్టెన్ బండి, ఫోటోగ్రాఫరు బండి ఇరుకు దారిలో చాలా పైకి వెళ్ళిపోయాయి, వెనక్కి తిప్పే చోటు లేదు. దగ్గరగా ఉన్నది ఐదో బండే.

కోడలు మైకు తన చేతికి ఇమ్మంది. అత్తగారు ఇచ్చింది.

"కెప్టెన్ గారూ, తప్పు నాది. వాగు దగ్గర వైపరు కోసం ఆగాను, చెప్పలేదు. అప్పుడే ఆయన ఎడమవైపు వెళ్ళి ఉంటారు. నేను వెనక్కి వెళ్తున్నాను."

కెప్టెన్ అది తర్వాత చూసుకుందాం, ముందు జాగ్రత్తగా వెళ్ళమన్నాడు. తను, బేకరీ పెద్దవాడు నడిచి దిగి వస్తామన్నాడు. అత్తగారు మైకు వెనక్కి తీసుకుంది. ఆగామని చెప్పనా అని తను అడిగిన సంగతి ఆవిడ అప్పుడూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

చీలిక దాకా జీపును వెనక్కే నడపాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కోడలు తల కిటికీలోంచి బయటపెట్టి, వెనక చక్రం చూసుకుంటూ, అంగుళం అంగుళం దిగింది. భుజాలు తడిసి ముద్దయ్యాయి. పక్కన అత్తగారు తన లోకంలో తను ఉంది. ప్రతి రెండు నిమిషాలకూ నాలుగో బండిని పిలుస్తోంది. కాలు నొప్పిగా ఉందా అని అడుగుతోంది. ఉంది అని దీపం. మీ ఆవిడ కుడి చెయ్యి చాపితే హ్యాండు బ్రేకు ఇంకో గంటు పైకి లాగగలదా అని అడుగుతోంది. లాగాక ఫరవాలేదా అంటే, అవును అని దీపం. మధ్యలో ఆవిడ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

"లైన్లో ఉండండి. మేం వస్తున్నాం. లైన్లో ఉండండి."

ఆ మాట తనకూ చెబుతున్నట్టే విని కోడలు బండి దింపింది. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎడమ దారిలో మూడో మలుపు తిరగగానే బండి కనిపించింది. ఎగువకి వెళ్తూ బంకమట్టిలో జారి, వెనక్కి వచ్చి, ఎడమ చక్రాలు వాన కోసిన కాలవలో దిగబడ్డాయి. ఎడమ పక్క తలుపు ఒక చెట్టు మానుకు ఆనుకుని ఉంది. ఆ చెట్టు లేకపోతే సంగతి ఏమయ్యేదో. జీపు దాని వెనక నిలబెడితే అది జారి మీద పడుతుందని, కోడలు మలుపు దగ్గరే పక్కగా ఆపి దిగింది. రెండు పెద్ద రాళ్ళు దొర్లించుకుంటూ వెళ్ళి, కుడి వెనక చక్రం వెనక ఒకటి, ముందు చక్రం వెనక ఒకటి గట్టిగా ఇరికించింది. అప్పుడు డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళింది.

పళ్ళ డాక్టరు మొహం పాలిపోయి ఉంది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చేతిలో మైకు. ఇప్పుడు కాలు తియ్యచ్చు అని కోడలు చెబితే, ఆయన తలాడించాడు గాని కాలు తియ్యలేదు. మళ్ళీ చెప్పింది. అయినా తియ్యలేదు. కాలు బిగుసుకుపోయిందో, నమ్మకం కలగలేదో. కోడలు వెనక్కి తిరిగి జీపు వైపు చెయ్యి ఊపింది. సెట్టులోంచి అత్తగారి గొంతు వచ్చింది.

"డాక్టరు గారూ, మా అమ్మాయి రాళ్ళు పెట్టింది. తను పెట్టాక కదలవు. కాలు తియ్యండి."

ఆయన కాలు తీశాడు. బండి ఒక్క అంగుళం కదిలి, రాళ్ళ మీద కూర్చుంది. డాక్టరు కుడి తలుపులోంచి దిగి, రెండు అడుగులు వేసి మట్టిలో చతికిలబడ్డాడు. కుడి కాలు పిక్క దానంతటదే ఎగురుతోంది. ఆయన భార్య సీట్ల మీంచి పాక్కుంటూ వచ్చి కోడలి భుజం పట్టుకుని దిగింది. దిగగానే ఆవిడ ముందు అడిగింది, రేడియోలో మాట్లాడిన పెద్దావిడ ఎక్కడ అని.

కెప్టెన్, బేకరీ పెద్దవాడు రొప్పుతూ వచ్చేసరికి కోడలు వించ్ తాడు లాగి, ఒక లావుపాటి చెట్టు చుట్టూ తిప్పి, కూరుకుపోయిన బండికి తగిలించి ఉంది. ముప్పావు గంట పట్టింది. తాడు బిగుసుకున్నప్పుడల్లా అందర్నీ దూరంగా నిలబెట్టింది. కెప్టెన్ ఒకసారి సలహా ఇవ్వబోయి, ఆమె చూసిన చూపుకు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బండి కాలవలోంచి లేచి దారి మీదకి వచ్చినప్పుడు మాత్రం ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

మైకులోకి మాట ఎందుకు పోలేదో అప్పుడు తెలిసింది. బండి జారినప్పుడు ఫ్లాస్కు మూత ఊడి, కాఫీ అంతా మైకు మీద పడింది. పళ్ళ డాక్టరు మైకు దులిపితే ఇంకా చుక్కలు కారాయి. ఎంత అరిచినా ఎవరూ పలక్కపోయేసరికి తను లోకంలో లేనేమో అనిపించిందట. అందరూ తన గురించే మాట్లాడుకోవడం వినిపిస్తోంది, తన మాట మాత్రం ఎవరికీ చేరడం లేదు. కెప్టెన్ బొత్తాం ఇరుక్కుంది అన్నప్పుడు మాత్రం ఏడుపొచ్చిందని భార్య ముందే ఒప్పుకున్నాడు.

అత్తగారు జీపు దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, బురదలో నెమ్మదిగా నడిచి వచ్చింది. డాక్టరు లేచి నిలబడి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. మీ పళ్ళు జీవితాంతం నేనే చూస్తాను అన్నాడు. రెండు తప్ప అన్నీ సొంతవే, మీకు పెద్దగా పని ఉండదు అని ఆవిడ జవాబిచ్చింది. అందరూ అక్కడే, తడిసిన రొట్టెలు, ఉడికించిన గుడ్లు, నారింజపళ్ళు పంచుకు తిన్నారు. రొట్టెలు తడిసినా ఆ రోజు వాటికి ఎవరూ వంక పెట్టలేదు.

ఆ బొత్తాం సంగతి ఎలా పట్టారని కెప్టెన్ అడిగితే, ఆవిడ చాలాసేపు చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వరద వచ్చిందట. ఒక మధ్యాహ్నం బోర్డు మీద ఒక దీపం వెలిగింది. పలకరిస్తే జవాబు లేదు. పక్కనున్న ఆపరేటరు లైను చెడిపోయింది తీగ పీకెయ్యమంది. ఈవిడ పీకలేదు, వింటూ కూర్చుంది. అవతల ఎవరో ఫోను కొక్కేన్ని ఆగి ఆగి నొక్కుతున్నట్టు టిక్కు టిక్కుమని వినిపించింది. ఇలాగే అవునా, కాదా అని అడిగి, నీళ్ళు చుట్టుముట్టిన ఒక స్కూలని తెలుసుకుని పడవ పంపించారట. అక్కడ ఫోను పట్టుకున్న టీచరుకు జ్వరంతో గొంతు పోయింది. ఆ టీచరు తర్వాత ఎక్స్ఛేంజికి వెతుక్కుంటూ వచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలో తెలియక టీ తాగి విడిపోయారట.

కోడలు తొక్క తీసిన నారింజపండు చేతిలోనే ఉంచుకుని వింది. ఆరేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుని కూడా ఈ మాట తను వినలేదు. సిగ్గనిపించింది. తిరుగు ప్రయాణంలో, మట్టి దారి దిగి తారు రోడ్డు ఎక్కాక, ఆ టీచరు పొడుగా పొట్టా అని అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. అత్తగారు ఆలోచించి, పొడుగే, కాస్త మెల్ల కూడా ఉండేది అంది. అక్కడినుంచి ఇల్లు చేరేదాకా ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ భర్త, జీపు ఆగి పది నిమిషాలైనా ఎవరూ దిగకపోయేసరికి ఏమైందోనని కంగారుగా వచ్చి అద్దం తట్టాడు.

తర్వాతి శనివారం నుంచి డ్రైవింగ్ స్కూల్లో, రోడ్డు గుర్తుల బొమ్మలు వేలాడే గదిలో, అత్తగారు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. కెప్టెన్ ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నాడు. నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి, ముందు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పి తర్వాత తమ పేరు చెప్పాలి, బండి ఆపితే ఆపినట్టు చెప్పాలి. ఆ చివరిది చెప్పేటప్పుడు ఆవిడ కోడలి వైపు చూడనే లేదు. కోడలే చెయ్యెత్తి, అది నా దయవల్ల వచ్చిన నియమం అని ఒప్పుకుంది. పాటలు కావాలంటే మధ్యాహ్నం తిండి దగ్గర పాడుకోమని ఆవిడ బేకరీ వాళ్ళకి చెప్పింది. వాళ్ళు అలాగే పాడారు. గొంతులు బాగానే ఉన్నాయి, మైకే పాడుచేస్తోంది అని ఆవిడ తేల్చింది.

పాఠాల కోసం ఆ గదికి వెళ్ళి వస్తూ ఆవిడ కిటికీలోంచి, కొత్తవాళ్ళు మైదానంలో బండి నేర్చుకోవడం చూసేది. మూడో శనివారం కెప్టెన్‌తో, నాకు నేర్పుతారా అంది. ఆయన వయసు సంగతి ఎత్తబోయి ఆగి, దరఖాస్తు కాగితం తీశాడు. కోడలికి ఆ సంగతి వారం తర్వాత, కళ్ళ పరీక్ష కాగితానికి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో అడగడానికి అత్తగారు మందుల షాపుకు వెళ్ళాక, భర్త చెబితే గాని తెలియలేదు. భర్త ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర, ఇంట్లో ఇద్దరు డ్రైవర్లు, ఒక వాంతుల మనిషి అయ్యాం అన్నాడు. అత్తగారు పెరుగు గిన్నె ఆయన వైపు జరిపింది.

ఆవిడకు ముందుకు వెళ్ళడం తొందరగానే వచ్చింది. వెనక్కి నడపడం మాత్రం ససేమిరా రాలేదు. వెనక ఏముందో చూడకుండా ఎలా వెళ్తామని ఆవిడ ప్రశ్న, అద్దంలో చూసి అని కెప్టెన్ జవాబు, అద్దంలో ఉన్నది నిజమో కాదో ఎలా తెలుస్తుందని మళ్ళీ ఆవిడ. చివరికి ఎలాగో అదీ పట్టుబడి, రెండు నెలలకు లైసెన్సు వచ్చింది.

ఆ తర్వాతి ప్రయాణంలో, కొండలు దిగాక, ఎండిపోయిన వాగు మధ్యలో వెడల్పాటి ఇసుక మైదానం వచ్చింది. కోడలు జీపు ఆపి, దిగి అటు తిరిగి వచ్చి పక్క తలుపు తెరిచింది. అత్తగారు ఒకసారి ఆమెను, ఒకసారి స్టీరింగును చూసి, చెప్పులు సర్దుకుని అటువైపు జరిగింది. కోడలు మైకు చేతిలోకి తీసుకుంది.

"కెప్టెన్ గారూ, ఐదో బండి మాట్లాడుతోంది. కాసేపు ఆగాం, ఇప్పుడు బయలుదేరుతున్నాం. నడుపుతున్నది మా అత్తగారు. అందరూ కాస్త దూరంగా ఉండండి."

అర్థమైంది ఐదో బండీ అని నాలుగు గొంతులు ఒకటి తర్వాత ఒకటి, వరస తప్పకుండా వచ్చాయి. ఇంజను ఒకసారి ఆగిపోయింది, ఇంకోసారి ఆగిపోయింది. మూడోసారి జీపు నడక వేగంతో ఇసుక మీద కదిలింది. అత్తగారు రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, నోరు మెదపకుండా, రెప్ప వాల్చకుండా ముందుకే చూస్తోంది. కోడలు ఎడమ పక్క రాయి ఉందని ఒక్కసారి చెప్పింది. ఆవిడ దాన్ని తప్పించి, అవతలి గట్టు దాకా నడిపి, బ్రేకు వేసి, గట్టిగా ఊపిరి వదిలింది. మిగతా బండ్ల వాళ్ళు గట్టు మీద నిలబడి ఎదురు చూస్తున్నారు. పళ్ళ డాక్టరు భార్య అప్పటికే దుప్పటి పరిచి భోజనాలు సర్దుతోంది.